ఫోమ్ ట్రైనర్: చేత్తో వదలగానే ముక్కెత్తి ఎడమకు పడిపోతోంది

తెనాలి తూనీగ | జనవరి 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ ఫోరం చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నెల రోజులు కూర్చుని నా మొదటి రిమోట్ కంట్రోల్ మోడల్ విమానం కట్టాను. బాడీ మీద రెక్క ఉండే ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునే రకం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 120 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ. మోటారు 2212, 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు). 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటారు వేగం నడిపే సర్క్యూట్), 10×4.5 ప్రాప్ (ప్రొపెల్లర్), 3ఎస్ 2200 బ్యాటరీ (మూడు సెల్‌ల లైపో, 2200 ఎంఏహెచ్), కదిలే పలకలను తిప్పే 9 గ్రాముల సర్వోలు నాలుగు, ఫ్లైస్కై ఐ6 రిమోట్.

ఈ పొద్దున చెరువు పక్కన బీడులో ఎగరేశాం. వరి కోసిన పొలాల్లో ఇప్పుడు మినుము ఉంది, దాంట్లో దిగితే రైతుకు నష్టం. అందుకే బీడుకు వెళ్లాం. తమ్ముడు నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు. నేను థ్రాటిల్ (మోటారు వేగం) పూర్తిగా ఇచ్చాను. ముక్కు ఒక్కసారిగా పైకి లేచింది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ వంచే తోక పలక) కిందికి నొక్కితే కొంచెం వంగి, మళ్లీ లేచింది. గాల్లో ఆగినట్టయి, ఎడమ రెక్క వాలిపోయి నేలకు కొట్టుకుంది. మూడుసార్లు విసిరాం, మూడుసార్లూ ఇదే. చివరిసారి ప్రాప్ విరిగింది, ముక్కు దగ్గర ఫోమ్ నలిగింది.

మోటారు శక్తి చాలడం లేదా? కొన్న షాపులో అడిగితే ఇంకా పెద్ద మోటారు వేయమంటున్నారు. ఇప్పటికే ఆరు నెలలు దాచిన డబ్బు అయిపోయింది. కొనే ముందు మిమ్మల్ని అడుగుదామని రాస్తున్నాను.

ఓరుగల్లు ఫోమ్ | జనవరి 18, రాత్రి 9:40

తమ్మీ, ఏమీ కొనకు. రెండు సంగతులు చెప్పు: బ్యాటరీతో సహా మొత్తం బరువెంత, సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) ఎక్కడుంది. ఆ మోటారు, ఆ ప్రాప్ 3ఎస్ మీద సుమారు 800 గ్రాములు లాగుతాయి. నేను వంటింటి త్రాసు మీద పెట్టి చూసినప్పుడు 780 వచ్చింది. కిలో లోపు ట్రైనర్‌కు అది ధారాళంగా సరిపోతుంది.

ప్రాప్ మీద అచ్చువేసిన అంకెలు ముందు వైపుకే ఉన్నాయి కదా? తిరగేసి బిగించినా గాలి కొడుతుంది, కానీ లాగుడు బాగా తగ్గిపోతుంది. కొత్తలో చాలామంది పొరపడేది అక్కడే.

తెనాలి తూనీగ | జనవరి 18, రాత్రి 10:25

అంకెలు ముందుకే ఉన్నాయి అన్నా. ఇప్పుడే తూచాను, 1120 గ్రాములు. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే, రెక్క ముందంచు నుంచి 9.5 సెం.మీ. దగ్గర నిలబడుతోంది. రెక్క మధ్యకు దగ్గరగా ఉంది కాబట్టి సరిపోయిందనుకున్నాను. నిజానికి ముందు ఇంకా వెనక్కి ఉండేది. ముక్కులో 90 గ్రాముల ఇనుప నట్లు పెట్టి, బ్యాటరీని మోటారు వెనక పలకకు ఆనించాకే ఇక్కడికి వచ్చింది.

బాల్సా మావయ్య | జనవరి 19, ఉదయం 6:05

బాబూ, నీ విమానం జబ్బు అక్కడే ఉంది. మోటారుది ఏ తప్పూ లేదు.

రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతు దాటి కొంచెం వెనక, అంటే 25 నుంచి 30 శాతం మధ్య సీజీ ఉండాలి. 20 సెం.మీ. రెక్కకు 5 నుంచి 6 సెం.మీ. నీది 9.5, దగ్గర దగ్గర 48 శాతం. రెక్క ఎత్తే బలం నాలుగో వంతు ప్రాంతంలో పనిచేస్తుంది. బరువు దాని వెనక వేలాడుతుంటే ముక్కు కొంచెం లేచినా ఇంకా లేపేస్తుంది. మామూలుగా తోక దాన్ని సర్దాలి. కానీ సీజీ మరీ వెనక ఉంటే తోకకు ఆ శక్తి మిగలదు. నువ్వు నొక్కావు, వంగింది, మళ్లీ లేచింది అన్నావు చూడు, అదే దాని లక్షణం. కావడి మోసేవాడి భుజం మీద బద్ద నాలుగు వేళ్లు జరిగితే ఏమవుతుంది? వెనక కుండ నేలకు లాగుతుంది, ముందు కుండ గాల్లోకి లేస్తుంది. వాడు ఎంత బలవంతుడైనా లాభం లేదు, బద్ద సరిచేసుకోవాల్సిందే.

ముక్కు లేచాక వేగం పోతుంది, రెక్క స్టాల్ అవుతుంది, అంటే ఎత్తే బలం కోల్పోతుంది. ఆ క్షణంలో మోటారు పూర్తి శక్తితో తిరుగుతోంది కాబట్టి దాని ఎదురు తిప్పుడు విమానాన్ని ఎడమకు ఒరిగిస్తుంది. అందుకే నీకు మూడుసార్లూ ఎడమకే పడింది. ఇప్పుడు పెద్ద మోటారు వేస్తే ఇంకా గట్టిగా పడేది.

నన్ను ఆలోచింపజేస్తున్నది ఇంకొకటి. 90 గ్రాముల నట్లు, బ్యాటరీ ముక్కులో, అయినా సీజీ 9.5 దగ్గరే ఉందంటే తోకలో ఏదో బరువు కూర్చుంది. తోక దేంతో చేశావు?

తెనాలి తూనీగ | జనవరి 19, ఉదయం 7:30

మావయ్యా, రెక్క, బాడీ కాగితం అంటించిన ఫోమ్ బోర్డుతో చేశాను. తోక దగ్గరకు వచ్చేసరికి షీట్లు అయిపోయాయి. ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపులో సన్‌బోర్డు ముక్క ఇచ్చారు. అదీ 5 మి.మీ.యే, తెల్లగా, నున్నగా ఉంది. ఫోమ్ బోర్డు కన్నా గట్టిగా ఉందని సంతోషించాను.

3ఎస్ అక్క | జనవరి 19, ఉదయం 8:15

సన్‌బోర్డు అని అడిగితే షాపుల్లో రెండు రకాలూ ఇస్తారు తమ్ముడూ. ఒకటి లోపల తేలికైన ఫోమ్, పైన పల్చటి పొర ఉండేది. రెండోది పూర్తిగా పీవీసీ. చూపుకు ఒకేలా ఉంటాయి. చేత్తో పట్టుకున్నా చిన్న ముక్కలో తేడా అంతగా తెలియదు.

ఒక పని చేయి. రెండింట్లోనూ సరిగ్గా 10×10 సెం.మీ. ముక్క కోసి తూచు. తేలిక రకం 5, 6 గ్రాములు ఉంటుంది. అదే పీవీసీ అయితే 25 దాటుతుంది. నేను ఇప్పుడు ఏ షీటు కొన్నా షాపులోనే ఒక మూల ముక్క అడిగి తూచుకుని తెచ్చుకుంటాను.

తెనాలి తూనీగ | జనవరి 19, సాయంత్రం 6:48

అక్కా, ఫోమ్ బోర్డు ముక్క 6 గ్రాములు. సన్‌బోర్డు ముక్క 27.

తోక మొత్తం విప్పి తూచాను. 195 గ్రాములు. బ్యాటరీ 185. నా బ్యాటరీ కన్నా బరువైన తోకను ఆ చివర పెట్టుకుని ఎగరమంటున్నాను. చాలాసేపు ఆ త్రాసు వంకే చూస్తూ ఉండిపోయాను.

డాలస్ డిహెడ్రల్ | జనవరి 19, రాత్రి 11:50

బాధపడకండి, ఇది చాలా మంచి వార్త. కారణం దొరికింది, అదీ రూపాయి ఖర్చు లేకుండా. విసరకుండానే సీజీ ఎక్కడికి వస్తుందో కాగితం మీద లెక్క వేయవచ్చు. తోక మధ్యభాగం రెక్క ముందంచుకు ఎంత వెనక ఉంది, నట్లు ఎంత ముందు ఉన్నాయి చెప్పండి.

తెనాలి తూనీగ | జనవరి 20, ఉదయం 6:20

తోక 62 సెం.మీ. వెనక, నట్లు 18 సెం.మీ. ముందు. అదే కొలతతో తోకను ఫోమ్ బోర్డులో కోసి తూచాను, వెదురు పుల్లలు, హింజ్ టేపు కలిపి 42 గ్రాములు వచ్చింది.

డాలస్ డిహెడ్రల్ | జనవరి 20, ఉదయం 7:45

సరే, చూడండి. దూరాలన్నీ రెక్క ముందంచు నుంచే, వెనక ఉన్నవి ప్లస్, ముందున్నవి మైనస్.

ఇప్పుడున్న బరువు 1120, సీజీ 9.5. గుణిస్తే 10,640. తోక మారిస్తే తగ్గే బరువు 153 గ్రాములు, 62 సెం.మీ. దూరంలో. గుణిస్తే 9,486. అది తీసేస్తే మిగిలేది 1,154. కొత్త బరువు 967. భాగిస్తే సీజీ 1.2 సెం.మీ. దగ్గరకు వచ్చేస్తుంది, అంటే ఈసారి ముక్కు బరువెక్కువ. కాబట్టి నట్లు తీసేయండి. 90 గ్రాములు, 18 సెం.మీ. ముందు ఉన్నవి పోతే 1,620 కలుస్తుంది. 2,774ను 877తో భాగిస్తే 3.2. ఇక బ్యాటరీ. 185 గ్రాముల బ్యాటరీని 11 సెం.మీ. వెనక్కి జరిపితే 2,035 కలిసి 4,809 అవుతుంది. 877తో భాగించండి: 5.5 సెం.మీ. మావయ్యగారు చెప్పిన చోటుకే వచ్చాం.

1120 గ్రాముల విమానం 877కి దిగింది. మీ రెక్క వైశాల్యం 24 చదరపు డెసిమీటర్లు. డెసిమీటరుకు దాదాపు 47 గ్రాములు మోసే రెక్క ఇప్పుడు 36.5 మోస్తుంది. దిగేటప్పుడు ఎంత నెమ్మదిగా దిగుతుందో మీరే చూస్తారు. మీ కొలతల ప్రకారం తోకలో పెరిగిన ప్రతి గ్రాముకు ముక్కులో సుమారు రెండున్నర గ్రాములు కావాలి. ఒక చోట పెరిగిన బరువు రెండు చోట్ల మోయిస్తుంది.

విశాఖ వింగ్ | జనవరి 20, ఉదయం 9:10

లెక్క చూసి నా పాత విమానం తోక కూడా తూచాను. 88 గ్రాములు. రంగు పూతలు మూడు వేసిన పుణ్యం. ఆదివారం ఆ రంగు గీకేసే పని పెట్టుకుంటున్నాను.

బాల్సా మావయ్య | జనవరి 20, రాత్రి 8:30

కొత్త తోక అతికించాక మోటారు తిప్పుతూ వెంటనే విసరవద్దు. మోకాలెత్తు గడ్డి ఉన్న చోటు చూసుకుని, గాలికి ఎదురుగా నిలబడి, మోటారు ఆపి ఉంచి, భుజం ఎత్తు నుంచి చూపు సమానంగా తోసి వదులు. పైకి విసరకు. బాణంలా ముందుకు తోయాలి. పది పదిహేను అంగలు నిదానంగా జారుతూ వెళ్లి గడ్డిలో పడుకుంటే సరే. ముక్కు లేచి ఆగిపోతే బ్యాటరీ ఇంకొంచెం ముందుకు, ముక్కుతో దూకితే వెనక్కి. ఒకసారికి అర సెంటీమీటరు మించి జరపకు.

మోటారు బిగించేటప్పుడు రెండు డిగ్రీలు కుడికి, రెండు డిగ్రీలు కిందికి చూసేలా పెట్టు. మోటారుకూ పలకకూ మధ్య, వెనక నుంచి చూస్తే ఎడమ వైపు, పై వైపు స్క్రూలకు మాత్రమే వాషర్ వేస్తే ఆ వంపు వస్తుంది. కుడి వంపు ఆ ఎడమ ఒరుగుడిని సర్దుతుంది. కింది వంపు వల్ల థ్రాటిల్ పెంచినప్పుడు ముక్కు లేవదు.

చిన్నప్పుడు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో కంట్రోల్ లైన్ విమానాలతో మొదలుపెట్టాను. రెండు తీగల కొసన ఇంజిన్ గుండ్రంగా తిరిగేది, ఇంటికి వస్తే చొక్కా అంతా ఆముదం వాసన. కరెంటుతో మోడల్ ఎగురుతుందని అప్పుడెవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. తర్వాత తెలిసింది, ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ అనే ఆయన 1957 జూన్ 30న రేడియో క్వీన్ అనే మోడల్‌ను సిల్వర్ జింక్ బ్యాటరీతో ఎగరేశాడని. రేడియో కంట్రోల్‌తో ఎగిరిన మొదటి ఎలక్ట్రిక్ విమానంగా నమోదైంది అదే. ఆ రోజుల్లో బ్యాటరీ బరువుతో ఆయన ఎంత కుస్తీ పట్టి ఉంటాడో! ఆ కుస్తీలోనే ఇప్పుడు నువ్వూ ఉన్నావు.

3ఎస్ అక్క | జనవరి 20, రాత్రి 9:05

ఇంకో రెండు. ప్రాప్ విప్పేసి, మోటారు మెల్లగా తిప్పుతూ రిమోట్ ఆపేయి. మోటారు వెంటనే ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ సెట్ కాలేదని అర్థం. ఆ పని పూర్తయ్యేవరకు మళ్లీ ప్రాప్ బిగించొద్దు. సిగ్నల్ పోయినా మోటారు తిరుగుతూనే ఉండే విమానం పొలంలో పనిచేసుకునే మనిషి మీదికి వెళ్లొచ్చు. నాకు దీని మీద రాజీ లేదు.

రెండోది, కర్ర కుడికి వంచితే కుడి ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. విమానం వెనక నిలబడి చూడు. ముందు నుంచి చూస్తే తిరగబడి కనిపించి మోసపోతాం.

ఎగరేసే చోటు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఒకసారి చూసుకో. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు, కంటికి కనిపించేంత దూరంలోనే. 2021 డ్రోన్ నియమాల్లో మన మోడళ్లకు వేరే నిర్వచనం ఉంది. చదువు, పరిశోధన, సరదా కోసం, కంటి చూపులోనే ఎగరేసే 25 కిలోల లోపువి అందులోకి వస్తాయి. వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డ్రోన్‌కు ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు. కానీ ఎయిర్‌పోర్టులు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ల పక్కకు వెళ్లే హక్కు దాంతో రాదు. హైదరాబాద్‌లో నేను ఎగరేయాలంటే ఊరు దాటి గంట ప్రయాణం, అయినా వెళ్తాను.

తెనాలి తూనీగ | జనవరి 26, మధ్యాహ్నం 12:15

ఎగిరింది!

సెలవు కదా, పొద్దున ఆరున్నరకే వెళ్లాం. ముందు మోటారు ఆపి ఉంచి నాలుగుసార్లు గడ్డిలోకి తోశాను. మొదటిసారి కొంచెం ముక్కెత్తింది, బ్యాటరీ అర సెంటీమీటరు ముందుకు జరిపాను. తర్వాత నేలకు సమానంగా జారి వెళ్లి గడ్డి మీద కూర్చుంది. అప్పుడు తమ్ముడి చేతికిచ్చాను. చేతులు చల్లబడిపోయాయి, టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. తమ్ముడు విసిరాడు, ముక్కాలు థ్రాటిల్ ఇచ్చాను. కొంచెం కిందికి దిగి, సర్దుకుని, పైకి వెళ్లింది. చెరువు గట్టు మీద తాటిచెట్లు దాటాక కుడికి తిప్పాను, తిరిగింది. నా మాట వింది. అంతకన్నా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రెండు నిమిషాలు ఎగరేసి దింపేశాను. ఇంకా ఉంచితే చేయి వణికేలా ఉంది. ఒక సమస్య: మంచు బాగా కురిసింది, గడ్డిలో దిగేసరికి రెక్క కింద కాగితం తడిసి ఒక మూల ఊడిపోయింది.

ఓరుగల్లు ఫోమ్ | జనవరి 26, మధ్యాహ్నం 12:40

శభాష్ తమ్మీ! కడుపు నిండింది.

ఊడిన కాగితం పూర్తిగా ఆరనిచ్చి, ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి పల్చగా పూసి అంటించు. ఆపైన రెక్క కింద అంతటా రంగు ప్యాకింగ్ టేపు వేయి, ఇక మంచుతో భయం ఉండదు. టేపు రంగు ఆలోచించి ఎంచుకో. కింద ముదురు రంగు అడ్డపట్టీలు, పైన లేత రంగు. రెండొందల అడుగుల ఎత్తులో విమానం నీ వైపు వస్తోందో, పోతోందో, బోర్లా ఉందో కంటికి తెలిసేది ఆ రంగులతోనే. నా రెండో విమానాన్ని పైనా కిందా ఒకే ఎరుపుతో ముద్దుగా చేశాను. పొద్దు వాలేటప్పుడు ఏది పైనో తెలియక చింతచెట్టులోకి పంపాను. ఐదు రోజులు అక్కడే ఉంది. గద్దలు దాని మీద కూర్చునేవి.

సూపర్ గ్లూ రకం జిగురు మాత్రం ఫోమ్ మీద వేయకు, తినేస్తుంది. ఫోమ్ పనికి వస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే వాడు.

విశాఖ వింగ్ | జనవరి 26, సాయంత్రం 5:30

అభినందనలు. సంక్రాంతి పోయి పదిరోజులే అయింది, మోటారు ఒకసారి విప్పి చూసుకోండి. నాకు నిరుడు మోటారు బెల్‌కూ (బయట తిరిగే డబ్బా) కింది పలకకూ మధ్య గాలిపటాల మాంజా చుట్టుకుంది. బయటికి కనిపించలేదు. మోటారు వేడెక్కుతోందని రెండు వారాలు ఈఎస్‌సీని అనుమానించాను. విప్పి చూస్తే షాఫ్ట్ చుట్టూ వెంట్రుకంత సన్నటి నైలాన్ దారం, కరిగి ముద్దయి ఉంది. సూదితో లాగితే మూరెడు వచ్చింది.

తెనాలి తూనీగ | ఫిబ్రవరి 9, రాత్రి 8:20

మోటారు విప్పి చూశాను. దారం లేదు కానీ బెల్ లోపల అయస్కాంతాలకు ఇసుకలో ఇనుప రజను అంటుకుని ఉంది. టేపు ముక్క వేలికి చుట్టి అద్ది తీశాను.

ఇప్పటికి పదకొండు సార్లు ఎగరేశాను. ఈరోజు 7 నిమిషాలు ఎగిరి వచ్చాక సెల్ వోల్టేజీలు చూశాను: 3.82, 3.81, 3.58. తిరిగి చార్జి చేస్తే 1050 ఎంఏహెచ్ పట్టింది. మూడో సెల్ ఎందుకు అంత తక్కువ ఉంది? బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టు కూడా అనిపిస్తోంది.

3ఎస్ అక్క | ఫిబ్రవరి 9, రాత్రి 9:15

1050 ఎంఏహెచ్ 7 నిమిషాల్లో వాడావంటే సగటున 9 ఆంప్స్. ఆ విమానానికి చక్కటి అంకె అది. మోటారు, ప్రాప్, రెక్క అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని అర్థం. బ్యాటరీలో 80 శాతం, అంటే 1760 వరకే వాడాలనుకుంటే పదకొండు నిమిషాల పైన వస్తుంది. కానీ టైమర్ 9 నిమిషాలకు పెట్టుకో. దిగేటప్పుడు ఎవరో ఆవును తోలుకొస్తే ఇంకో చుట్టు తిరగడానికి కరెంటు మిగలాలి.

మూడో సెల్ బలహీనపడింది. ఇది నువ్వు ఇప్పుడు చూశావు కాబట్టి బతికిపోయావు. మూడింటి మొత్తం మాత్రమే చూస్తే 11.2 వోల్టులు, ఏ అనుమానమూ రాదు. మిగతా రెండూ బాగానే ఉండగా ఆ ఒక్కటి 3 వోల్టుల కిందికి జారిపోయేది, గాల్లో మోటారు ఆగిపోయేది. బ్యాటరీ నిజంగానే ఉబ్బి ఉంటే మళ్లీ చార్జి పెట్టకు. ఉబ్బలేదని తేలితేనే ఒక ఆంప్‌తో నెమ్మదిగా బ్యాలెన్స్ చార్జి (సెల్‌లన్నిటినీ సమానం చేసే చార్జి) చేసి చూడు. రెండుసార్లు చేశాక కూడా ఎగిరొచ్చేసరికి అదే తేడా ఉంటే దానికి రిటైర్మెంట్ ఇచ్చేయాలి. చార్జర్‌లో సెల్‌కు సెల్‌కు ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపలి నిరోధం) చూపించే మెనూ ఉంటే అది కూడా రాసిపెట్టు.

ఎగరేశాక బ్యాటరీని ఎలా ఉంచుతున్నావు? నిజం చెప్పు.

తెనాలి తూనీగ | ఫిబ్రవరి 9, రాత్రి 9:22

నిజం చెప్తున్నాను అక్కా. శనివారం రాత్రే ఫుల్ చార్జి చేసి ఉంచుతాను. వర్షమో గాలో ఉంటే వారం అలాగే ఉండిపోతుంది. బీరువాలో.

3ఎస్ అక్క | ఫిబ్రవరి 9, రాత్రి 9:50

అదే కారణం కావచ్చు. లైపో నిండుగా 4.2 దగ్గర రోజులకు రోజులు ఉంటే లోపల పాడవుతుంది, ఉబ్బుతుంది. మూడు రోజులకు మించి ఎగరేయని పక్షంలో సెల్‌కు 3.8 దగ్గర స్టోరేజ్ చార్జిలో పెట్టాలి. చార్జర్‌లో దానికి వేరే మోడ్ ఉంటుంది. ఎగరేసే రోజు పొద్దున లేచి చార్జి చేసుకో. 2200 బ్యాటరీకి 2.2 ఆంప్స్‌తో గంట చాలు.

దయచేసి బీరువాలో పెట్టకు. బట్టలు, కాగితాలు ఉండే చోటు అది. అడుగున ఇసుక పోసిన ఇనుప బాణలి, గచ్చు నేల మీద, పక్కన ఏమీ లేకుండా. చార్జి అవుతుండగా అక్కడే ఉండాలి, పడుకుని పోకూడదు. మా ఇంట్లో ఒకసారి ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి చూద్దామని చార్జికి పెట్టాను. ముందు తియ్యటి వాసన, తర్వాత బుస్సుమని తెల్లటి పొగ. బాణలి ఉండబట్టి గచ్చు నల్లబడడంతో పోయింది. మా పాప పక్క గదిలో నిద్రపోతోంది. అప్పటి నుంచి ఉబ్బినదాన్ని మళ్లీ చార్జి పెట్టలేదు. 12 వోల్టుల కారు బల్బు తగిలించి ఆరుబయట సున్నా దాకా దింపేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేస్తాను.

డాలస్ డిహెడ్రల్ | ఫిబ్రవరి 10, ఉదయం 8:30

అక్క చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ఒక చిన్న డైరీలో ప్రతి బ్యాటరీకి ఒక పేజీ పెట్టాను: తేదీ, ఎన్ని నిమిషాలు, మూడు సెల్‌ల వోల్టేజీ, తిరిగి ఎంత పట్టింది. సెల్ జారిపోవడం రెండు మూడు వారాల ముందే ఆ అంకెల్లో కనిపిస్తుంది. ఇక్కడ అమెరికాలో 250 గ్రాములు దాటిన మోడల్‌కు మూడేళ్లకు ఐదు డాలర్లు కట్టి రిజిస్టర్ అవ్వాలి, ఆ నంబరు కూడా డైరీ మొదటి పేజీలోనే రాసుకున్నాను.

తెనాలి తూనీగ | ఏప్రిల్ 21, రాత్రి 7:55

మూడో సెల్ కోలుకోలేదు. కొత్త బ్యాటరీ కొన్నాను, డైరీ కూడా పెట్టాను. మినుము తీసేశారు కాబట్టి పొలాల్లోనే ఎగరేస్తున్నాను. వరి కొయ్యకాళ్లు ఫోమ్‌ను గీరుతున్నాయి, అందుకే చక్రాలు తీసేసి బొజ్జకు ప్లాస్టిక్ ఫైలు అట్ట అతికించాను. 60 గ్రాములు తగ్గింది, సీజీ మళ్లీ సరిచూసుకున్నాను.

ఈ సాయంత్రం మాత్రం మనసు కష్టపడింది. మధ్యాహ్నం మూడింటికి బండి మీద కట్టుకుని వెళ్లి, స్నేహితుడి కోసం ఒక అరగంట ఎండలో గట్టు మీద ఉంచాను. విసరగానే వంద అడుగుల ఎత్తులో మోటారు చప్పుడు మారింది. విమానం ఎడమకు ఈడుస్తోంది. థ్రాటిల్ తగ్గించి ఎలాగో దించాను. చూస్తే మోటారు పలక ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. హాట్ గ్లూతో అతికించాను, అది మెత్తబడి తీగలా సాగింది. వేలు పెడితే అంటుకుంది.

బాల్సా మావయ్య | ఏప్రిల్ 21, రాత్రి 8:40

దించగలిగావు, అది గొప్ప. జనవరిలో అయితే నీ చేతికి అది వచ్చేది కాదు.

హాట్ గ్లూ వేడికి కరిగే జిగురు. మన ఏప్రిల్, మే ఎండలో ముదురు రంగు టేపు కింద, పైగా మోటారు వేడి తోడైతే మెత్తబడక ఏం చేస్తుంది. రెక్కలకు, బాడీ మడతలకు అది పర్వాలేదు. మోటారు పలకకు, రెక్క లోపలి దూలానికి మాత్రం రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీయే వాడాలి. పాత గ్లూ అంతా గీకేసి, 3 మి.మీ. ప్లైవుడ్ పలక అంచులను గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ పెట్టి రాత్రంతా వదిలేయి. ఐదు నిమిషాల రకం కన్నా నిదానంగా ఆరేది గట్టిగా పడుతుంది. పలక నాలుగు మూలల్లో వెదురు పుల్ల ముక్కలు అడ్డంగా బాడీలోకి గుచ్చి దానికీ ఎపాక్సీ పెట్టు. జిగురు వదిలినా పుల్ల పట్టుకుంటుంది.

కుడి వంపు, కింది వంపు కొత్తగా చూసుకోవడం మర్చిపోకు. ఎండలో నిలబెట్టినప్పుడు తువ్వాలు కప్పితే చాలు, బ్యాటరీ మటుకు నీడలోనే. మే నెలలో నేను పొద్దున తొమ్మిది దాటాక ఎగరేయను. వేడి గాలి పల్చగా ఉంటుంది, రెక్కకూ ప్రాప్‌కూ పట్టు తగ్గుతుంది. నేల నుంచి లేచే వేడి గాలి తేలిక ఫోమ్‌ను కాగితంలా ఊపుతుంది. కొత్త చేతికి అది కష్టం.

తెనాలి తూనీగ | మే 3, ఉదయం 9:30

ఎపాక్సీతో బిగించాను. నాలుగు రోజుల నుంచి పొద్దున ఆరింటికి వెళ్తున్నాను, పలక కదల్లేదు. నిన్న ఒక గద్ద వచ్చి విమానం చుట్టూ రెండు చుట్లు తిరిగింది. మోటారు తగ్గించి దూరంగా తీసుకెళ్లాను, అదీ దాని దారిన పోయింది. దాన్ని చూస్తుంటే రెక్క కదపకుండా అంతసేపు ఎలా తేలుతోందో అనిపించింది.

ఈ చర్చ మొదటి నుంచి చదివిన ఇద్దరు కొలతలు కావాలని మెసేజ్ పెట్టారు. అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడే రాస్తున్నాను. రెక్క 120×20, కొసలు రెండూ మధ్య కన్నా 5 సెం.మీ. పైకి. అడ్డ తోక 40×13, అందులో వెనక 4 సెం.మీ. ఎలివేటర్. నిలువు తోక అడుగున 15, పైన 9, ఎత్తు 17. తోక అంతా కాగితం ఫోమ్ బోర్డే, లోపల రెండు వెదురు పుల్లలు. అతికించే ముందు నా తోక 42 గ్రాములు తూగింది. సీజీ 5.5. చక్రాలు లేకుండా మొత్తం 817.

ఓరుగల్లు ఫోమ్ | మే 3, ఉదయం 9:52

తమ్మీ, రెక్కను బాడీకి ఎన్ని రబ్బరు బ్యాండ్లతో కడుతున్నావు?

తెనాలి తూనీగ | మే 3, ఉదయం 10:05

ఆరు అన్నా, చివరి రెండూ ఒకదానికొకటి అడ్డంగా. ఎండకు పగుళ్లు వస్తున్నాయి, అందుకే వారానికోసారి కొత్తవి మారుస్తున్నాను.